ఇరవై ఏళ్ల నాటి విబి6 బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఆరు నెలల్లో తిరగరాయొచ్చా?

మీరు రాసిన దాన్నుంచి నాకు అర్థమైంది ఇది. గాజువాక ఆటోనగర్‌లో మీ బాబాయి గారికి ఆటో విడిభాగాల హోల్‌సేల్ షాపు ఉంది. అనకాపల్లిలో ఒకటి, విజయనగరంలో ఒకటి బ్రాంచీలు. బిల్లింగ్, స్టాకు, పార్టీల బాకీలు అన్నీ 2004లో విబి6 (విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాష)లో రాయించిన ప్రోగ్రాం మీదే నడుస్తున్నాయి. డేటా మొత్తం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ఫైల్లో ఉంది. రాసినాయన ఎక్కడున్నారో తెలియదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోవడంతో కంప్యూటర్లు మార్చాల్సి వచ్చింది, పనిలో పనిగా సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది చేసెయ్యమని బాబాయి గారు మీకు అప్పగించారు. మీకు వెబ్ ప్రోగ్రాంలు రాసే రియాక్ట్, నోడ్ వచ్చు. ఆరు నెలల్లో మొత్తం తిరగరాయొచ్చా, ఏ ఫ్రేమ్‌వర్క్ (ప్రోగ్రాం కట్టడానికి పునాదిగా వాడే సాధనం) తీసుకోవాలి, పాత కోడ్‌ని ఏఐకి ఇచ్చి మార్పించొచ్చా అని అడిగారు.

విశాఖలో పాత సాఫ్ట్‌వేర్లను కొత్త వాటిలోకి మార్చే పనిలోనే ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఆరు నెలల్లో మొత్తం తిరగరాసే పని పెట్టుకోవద్దు. ఫ్రేమ్‌వర్క్ సంగతి రెండు నెలలు ఆగి ఆలోచించవచ్చు. ముందు ఆ పాత ప్రోగ్రాం అసలు ఏం చేస్తోందో కనుక్కోండి. అది మీ బాబాయి గారికి పూర్తిగా తెలియదు, కౌంటర్‌లో కూర్చునేవాళ్లకీ తెలియదు. ఇరవై ఏళ్లుగా షాపు ఎవరితో ఏ మాట మీద నడిచిందో రాసిపెట్టి ఉన్నది ఆ కోడ్‌లోనే.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది ఫిషింగ్ హార్బర్ దగ్గర, బోట్ల డీజిల్ ఇంజన్ల విడిభాగాలు అమ్మే ఒక షాపులో. పార్టీల బాకీ మీద వడ్డీ లెక్కేసే చోట పాత కోడ్‌లో చిన్న షరతు ఉంది. పార్టీ రకం 'బి' అయ్యి, తేదీ ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య ఉంటే వడ్డీ సున్నా. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. టెస్టింగ్ కోసం పెట్టి మర్చిపోయారనుకున్నాడు మా జూనియర్, సరే తీసెయ్యమన్నాను నేను. జూలై మొదటి వారంలో బోటు యజమానులందరికీ రెండు నెలల వడ్డీ కలిపి స్టేట్‌మెంట్లు వెళ్లాయి. షాపులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న స్టోర్ కీపర్ ఆ కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "వేట నిషేధంలో వడ్డీ ఏటి బాబూ? బోటే కదల్లేదు కదా" అన్నారు. తూర్పు తీరంలో ఆ 61 రోజులూ మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆదాయం లేని రోజులకు వడ్డీ వేయనని ప్రస్తుత యజమాని తండ్రి ఎప్పుడో బోటు వాళ్లకు మాటిచ్చారు. ఆ మాట ఏ కాగితం మీదా లేదు, కోడ్‌లో ఉంది. మేం పెట్టిన పది మీటింగుల్లో ఎవరూ దాని ఊసెత్తలేదు, అందరికీ తెలిసిన విషయమే కాబట్టి. యజమాని స్వయంగా జెట్టీకి వెళ్లి ఒక్కొక్కరి దగ్గరా ఆ కాగితాలు వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు నుంచి అర్థం కాని షరతు కనిపిస్తే తీసెయ్యడం మానేశాను. అది ఎవరి కోసం పెట్టిందో తెలిసేదాకా కొత్త కోడ్‌లో కూడా ఉంచుతాను.

ఇక టెన్షన్ పడాల్సిన విషయం, అక్కర్లేని విషయం. విబి6 రేపే ఆగిపోతుందన్న భయం వద్దు. 2008 ఏప్రిల్‌తో మద్దతు ఆగిపోయింది ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్‌కి. తయారైన ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన ముఖ్యమైన రన్‌టైం ఫైళ్లు విండోస్ 11లోనూ ఉన్నాయి, ఆ విండోస్‌కి మద్దతు ఉన్నంతకాలం వాటికీ ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అందుకని కొత్త కంప్యూటర్లలో కూడా మీ పాత ప్రోగ్రాం చాలావరకు నడుస్తుంది. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. ఆ రోజుల్లో బయట కొనుక్కున్న గ్రిడ్, రిపోర్టు కంట్రోళ్లు (పట్టికలు, రిపోర్టులు చూపించే రెడీమేడ్ భాగాలు) కొత్త మెషిన్‌లో రిజిస్టర్ కాకపోవచ్చు. యాక్సెస్ ఎండీబీ ఫైలు సైజు 2 జీబీకి మించకూడదు. నెట్‌వర్క్ మీద నలుగురు ఒకేసారి తెరిచినప్పుడు మధ్యలో కరెంటు పోతే పాడవుతుంది. యాక్సెస్ ఫైల్‌ని తెరిచే పాత జెట్ డ్రైవర్ 32 బిట్‌లో మాత్రమే ఉంది కాబట్టి మీ 64 బిట్ నోడ్ ప్రోగ్రాం దానితో ఆ ఫైల్‌ని తెరవలేదు కూడా.

అందుకని ఈ వారమే చేయాల్సిన పని ఒకటి చెప్తాను. ఒక వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) విబి6 వేసి, మీ దగ్గరున్న సోర్స్ కోడ్ కంపైల్ అవుతుందేమో, అంటే నడిచే ప్రోగ్రాంగా తయారవుతుందేమో చూడండి. కంపైల్ అయితే, అలా వచ్చిన ప్రోగ్రాంతోనూ షాపులో నడుస్తున్న ప్రోగ్రాంతోనూ ఒకే పది బిల్లులు కొట్టి పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూసిన షాపుల్లో సగానికి పైగా ఇక్కడే తేడా వచ్చింది. ఆఖరిసారి మార్పు చేసినాయన సోర్స్‌ని తన పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని వెళ్లిపోయి ఉంటారు, మీకు మిగిలింది అంతకు ముందు వెర్షన్. జీఎస్టీ మార్పులు లేని 2016 నాటి సోర్స్‌ని చదువుతూ కూర్చుంటే మీరు లేని షాపుకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నట్టు.

తర్వాత రెండు రోజులు కౌంటర్ వెనక కూర్చోండి. ప్రశ్నలడగొద్దు, చూడండి. సాయంత్రం నాలుగు దాటాక లారీ మెకానిక్‌లు గుంపుగా వచ్చినప్పుడు బిల్లు కొట్టే మనిషి మౌస్ ముట్టుకోడు. ఎంటర్, ఎంటర్, ఎఫ్4, పరిమాణం, ఎంటర్. నలభై సెకన్లలో ఆరు ఐటమ్‌ల బిల్లు ప్రింటర్‌లోంచి బయటికి వస్తుంది. రిమార్క్స్ అన్న గడిలో ఏం టైపు చేస్తున్నారో ప్రత్యేకంగా గమనించండి. ఒక చోట ఆ గడిలో ఛాసిస్ నంబర్లు ఉండేవి, ఇంకో చోట సరుకు పట్టుకెళ్లిన డ్రైవర్ ఫోన్ నంబరు. ప్రోగ్రాంలో చోటు లేని ప్రతి అవసరాన్నీ వాళ్లు ఆ గడిలోనే సర్దుకున్నారు. కొత్త డేటాబేస్‌లో ఆ గడిని పనికిరానిదని వదిలేస్తే, వారంటీ మీద సరుకు వెనక్కి వచ్చిన రోజున ఎవరిదో తేల్చలేరు.

మొత్తం ఒకేసారి తిరగరాయొద్దని ఎందుకంటున్నానో చెప్పాలి. 2016లో పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీకి మేం అదే చేశాం. పాతదాన్ని కదపకుండా వదిలేసి, పక్క గదిలో కొత్తది మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాం. పదకొండు నెలలు గడిచేసరికి ముప్పావు వంతు అయింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. కొత్తది ఇంకా సిద్ధంగా లేదు కాబట్టి పాతదాన్నే హడావిడిగా జీఎస్టీకి మార్చాల్సి వచ్చింది. అలా మార్చినదాన్ని మళ్లీ కొత్తదాంట్లో రాయాలి. ఈలోగా జీఎస్టీ నిబంధనలు ప్రతి నెలా మారుతూనే ఉన్నాయి, పాతది ముందు, కొత్తది వెనక. ఏడాది తర్వాత ఆ పని వదిలేశాం. ఆ కస్టమర్ డబ్బు, మా టీమ్ దాదాపు రెండేళ్ల శ్రమ రెండూ పోయాయి. మాలో పనితనం తక్కువై అలా జరగలేదు. వ్యాపారం మారుతూనే ఉంటుంది, పక్క గదిలో రాసే సాఫ్ట్‌వేర్‌కి ఆ మార్పు ఆలస్యంగా తెలుస్తుంది. మీ రంగంలోనే చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతంలో ఉన్న ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18కి దిగింది. తిరగరాత మధ్యలో ఉన్నవాళ్లు ఆ వారం రెండు చోట్లా మార్చుకోవాల్సి వచ్చింది.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఇంకోటి. ఆగస్టులో 28 శాతంతో అమ్మిన క్లచ్ ప్లేటు అక్టోబర్‌లో వెనక్కి వస్తే, క్రెడిట్ నోటు (సరుకు వెనక్కి తీసుకున్నందుకు ఇచ్చే కాగితం) 28 శాతంతోనే ఇవ్వాలి. పాత ప్రోగ్రాంలో పన్ను రేటు ఐటమ్ మాస్టర్‌లో (సరుకుల మూల జాబితాలో) మాత్రమే ఉందా, ప్రతి బిల్లు లైనులోనూ నిల్వ అవుతోందా చూడండి. మాస్టర్‌లోనే ఉంటే, పాత బిల్లు మళ్లీ ప్రింటు తీసినప్పుడు కొత్త రేటుతో వస్తుంది. కొత్త డేటాబేస్‌లో రేటు బిల్లు లైనులో ఉండి తీరాలి.

చేయాల్సిన వరుస నా అనుభవంలో ఇది. ముందు డేటా. పాత ప్రోగ్రాంని ఉంచి, దాని కింద ఉన్న యాక్సెస్ ఫైల్‌ని తీసి మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ పెట్టండి. ఉచితమే, మీ షాపు డేటాకి సరిపోతుంది. పాత కోడ్‌లో డేటాబేస్ ఎక్కడుందో చెప్పే కనెక్షన్ స్ట్రింగ్, డేటాని అడిగే కొన్ని క్వెరీలు మారతాయి. తేదీల చుట్టూ ఉండే హాష్ గుర్తులు ఇక్కడ పనిచేయవు. యాక్సెస్‌లో 'అవును' అంటే మైనస్ 1, ఎస్‌క్యూఎల్ సర్వర్ బిట్ గడిలో 1. క్వెరీలో మైనస్ 1 అని రాసి ఉంటే ఏ ఎర్రరూ రాకుండా ఖాళీ జాబితా వస్తుంది, అలాంటివి వెతికి పట్టుకోవాలి. ఇది అయ్యాక షాపులో ఎవరికీ ఏ మార్పూ కనిపించదు, కానీ ఫైలు పాడయ్యే బెడద పోతుంది, అదే డేటా మీద కొత్త ప్రోగ్రాం కూడా పనిచేయగలదు.

ఆ తర్వాత కేవలం చదివే పనులు. రోజువారీ అమ్మకాలు, బ్రాంచీల స్టాకు, బాకీల జాబితా. వీటిని మీకు వచ్చిన రియాక్ట్, నోడ్‌లో చేసి మీ బాబాయి గారి ఫోన్‌లో పెట్టండి. ఇక్కడ తప్పు జరిగినా డేటా చెడిపోదు. ఆయనకీ రెండో నెలలోనే చేతికి ఏదో అందింది కాబట్టి మిగతా పనికి ఓపిక పడతారు. మూడోది కొనుగోళ్లు, స్టాకు రాబడి. బాకీలు, వడ్డీ, వసూళ్లు నాలుగోది. బిల్లింగ్ కౌంటర్ అన్నిటికన్నా చివర. ఇదంతా ఒక్కరే చేస్తున్నారు కాబట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందని ఇప్పుడే ఇంట్లో చెప్పండి.

ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్. ఫోన్‌లోనూ బ్రాంచీల్లోనూ చూసుకునే వాటికి మీ వెబ్ ఎంపిక బాగుంది. కౌంటర్ స్క్రీన్‌కి మాత్రం నేనైతే .నెట్ (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) మీద విన్‌ఫామ్స్ (విండోస్ స్క్రీన్లు చేసే సాధనం) తీసుకుంటాను. పాతబడిందని అంటారు గానీ 2019 సెప్టెంబర్‌లో వచ్చిన .నెట్ కోర్ 3.0 నుంచి అది కొత్త .నెట్‌లో కూడా భాగమే. 2025 నవంబర్‌లో వచ్చిన .నెట్ 10కి మూడేళ్ల మద్దతు ఉంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని మీదే మొదలుపెట్టాలి. .నెట్ 8 మద్దతు 2026 నవంబర్‌తో అయిపోతుంది. విన్‌ఫామ్స్ ఎందుకంటే, ఆ ఎంటర్, ఎఫ్4 వేగం పోకూడదు. బ్రౌజర్‌లో కంట్రోల్ ఎన్, కంట్రోల్ డబ్ల్యూ లాంటి మీటలు మీ చేతికి రావు. పైగా మీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. పాత ప్రోగ్రాం దానికి అక్షరాలు నేరుగా పంపుతుంది, అందుకే అంత వేగం. బ్రౌజర్ అదే బిల్లుని బొమ్మలా గీసి పంపుతుంది, మూడు కాపీల కాగితం మీద నెమ్మదిగా, మసకగా పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకి కౌంటర్ ముందు పన్నెండు మంది నిలబడి ఉన్నప్పుడు ఆ తేడా చాలా పెద్దది. వెబ్‌లోనే చేయాలనుకుంటే ప్రింటర్‌కి నేరుగా పంపే చిన్న సహాయక ప్రోగ్రాం ప్రతి కంప్యూటర్‌లోనూ వేయాలి.

లెక్కల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మీకు నిద్ర పట్టనివ్వనివి ఇవే. విబి6లో రౌండ్ ఫంక్షన్ 2.5ని 2 చేస్తుంది, 3.5ని 4 చేస్తుంది, అంటే సగం వచ్చినప్పుడు దగ్గరున్న సరిసంఖ్యకి పోతుంది. అదే విబి6లో ఫార్మాట్ ఫంక్షన్‌తో అంకెని చూపిస్తే 2.5 కాస్తా 3 అవుతుంది. పాత ప్రోగ్రాంలో నిల్వ అయ్యే మొత్తం ఒకటి, ప్రింటయ్యే మొత్తం ఒకటి అయ్యే అవకాశం ఉందన్నమాట. ఎక్కడ ఏది వాడారో ఒక్కొక్కటీ చూసుకోవాలి. నోడ్ వాడే జావాస్క్రిప్ట్ భాషలో మ్యాథ్ రౌండ్ 2.5ని 3 చేస్తుంది, మైనస్ 2.5ని మైనస్ 2 చేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ దాన్నే మైనస్ 3 చేస్తుంది. దీని ఫలితం ఏమిటంటే, ఒక బిల్లుకి పూర్తిగా క్రెడిట్ నోటు కొట్టినా పార్టీ లెడ్జర్‌లో ఒక రూపాయి మిగిలిపోతుంది. ఆ రూపాయి కోసం అకౌంటెంట్ ఒక పూట వెతుకుతారు. అలాగే జావాస్క్రిప్ట్‌లో 1.005ని 100తో గుణిస్తే 100.49999999999999 వస్తుంది. విబి6 కరెన్సీ రకంలో నాలుగు దశాంశాల దాకా లెక్క కచ్చితం, ఈ తేడా అక్కడ ఉండేది కాదు. నోడ్‌లో డబ్బుని పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి, .నెట్‌లో డెసిమల్ వాడండి. రౌండ్ చేసే పని మొత్తం ప్రాజెక్టులో ఒకే ఒక్క ఫంక్షన్‌లో జరగాలి.

'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అన్న లైను మీ పాత కోడ్‌లో వందల చోట్ల ఉంటుంది. ఎర్రర్ వస్తే ఆ లైను వదిలేసి తర్వాతి లైనుకి పోవడం దాని పని. వేరియబుల్‌లో ముందు ఐటమ్ విలువ అలాగే ఉండిపోతుంది. పరిమాణం సున్నా ఉన్న ఐటమ్‌కి సగటు ధర లెక్కేసేటప్పుడు భాగహారం విఫలమై, దాని పైన ఉన్న ఐటమ్ ధర దీనికి అంటుకున్న స్టాకు విలువ రిపోర్టుని నేను చూశాను. బ్యాంకు వాళ్లకి ఏళ్ల తరబడి అదే ఇచ్చారు. ఇలాంటిది దొరికితే మీ అంతట మీరు నిశ్శబ్దంగా సరిచేయకండి. బాబాయి గారికీ ఆడిటర్ గారికీ చూపించి, ఏ తేదీ నుంచి సరైన లెక్క మొదలుపెట్టాలో వాళ్లనే నిర్ణయించమనండి.

పల్లెల నుంచి వచ్చే పార్టీల పేర్లు తెలుగులో ప్రింటవుతాయని రాశారు. 2004 అంటే అవి బహుశా యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు. ఆనాటి తెలుగు ఫాంటులో కనిపించే అక్షరాల వెనక డేటాబేస్‌లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు తీసేస్తే ఎవరి పేరో ఎవరికీ అర్థం కాదు. వాటిని మార్చడానికి అక్షరానికి అక్షరం పట్టిక సరిపోదు, వరుస కూడా వేరు. 'స్త్రీ' అన్నదే తీసుకోండి. పాత ఫాంట్లలో ముందు 'సీ' ఆకారం, తర్వాత తకార, రేఫల ఒత్తులు, కంటికి కనిపించే వరుసలో ఉంటాయి. యూనికోడ్‌లో స, త, ర మూడూ వాటి మధ్య పొల్లులతో అయ్యాక, చివరన దీర్ఘం. మార్చిన పేర్లన్నీ కాగితం మీద తీసి, ఆ పార్టీలు తెలిసిన మనిషితో చదివించండి. ఇంకో జాగ్రత్త, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ గడి ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) అయి ఉండాలి. మామూలు వార్‌చార్‌లో వేస్తే ప్రతి అక్షరం ప్రశ్నార్థకంగా మారిపోతుంది, దాన్ని వెనక్కి తీసుకురాలేరు. ఒక మనిషి పేరుని ప్రశ్నార్థకాలతో ప్రింటు చేసి చేతికివ్వడం ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఏఐ వాడండి, చదవడానికి వాడండి. రెండు వేల లైన్ల ఫామ్‌ని ఇచ్చి ఇది ఏం చేస్తోందని అడిగితే, మీకు మూడు రోజులు పట్టే పని గంటలో అవుతుంది. పాత లెక్కలకి పరీక్షలు రాయించండి. మొత్తం కోడ్ ఇచ్చి కొత్త భాషలోకి మార్చి పెట్టమనడం మాత్రం వద్దు. విబి6ని విబి డాట్ నెట్‌గా మార్చే విజార్డ్ విజువల్ స్టూడియో 2008 దాకా ఉండేది, 2010లో తీసేశారు. దానితో మార్చినవి కొన్ని నేను బాగుచేశాను. భాష కొత్తది, లోపల చిక్కుముడులు మాత్రం పాతవే, పైగా చదవడం ఇంకా కష్టమైంది. ఇప్పటి ఏఐ అంతకన్నా ఎంతో బాగా రాస్తుంది. కానీ వేట నిషేధం షరతు లాంటిది కనిపిస్తే, అది ఉంచాలా తీసెయ్యాలా అన్నది హార్బర్‌లో అడిగితేనే తెలుస్తుంది.

కౌంటర్ మార్చే ముందు రెండింటినీ కలిపి నడపాలి. కౌంటర్ వాళ్లతో రెండు చోట్ల బిల్లు కొట్టించకండి, వారంలో విసిగిపోతారు. బిల్లులు పాతదాంట్లోనే కొట్టనివ్వండి. రాత్రి ఆ రోజు ఎంట్రీలన్నీ కొత్త ప్రోగ్రాంలోకి మీరే పంపి, ప్రతి బిల్లు మొత్తం, పన్ను, స్టాకు, లెడ్జర్ నిల్వ పైసాతో సహా సరిపోయాయా అని ఒక స్క్రిప్టుతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతిదానికీ కారణం రాసుకోండి. మొదటి రాత్రి వందల తేడాలు వస్తాయి, కంగారు పడొద్దు, కారణాలు పదికి మించవు. రెండు నెలాఖర్లు, ఒక జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) దాఖలు, ఒక స్టాకు లెక్కింపు తేడా లేకుండా దాటాకే అనకాపల్లి బ్రాంచిలో కొత్తది పెట్టండి. అక్కడ రద్దీ తక్కువైతే అక్కడే మొదలు. ఆటోనగర్ ఆఖరున. మార్చి నెలాఖరు, దసరా ముందు వారాలు ముట్టుకోవద్దు. ఏప్రిల్ 1 శుభ్రంగా ఉంటుందని చాలామంది అదే ముహూర్తం పెడతారు. ఆ రోజుల్లో అకౌంటెంట్‌కి మీ తప్పులు చూసే తీరిక ఉండదు, నా మాట విని మే నెలలో పెట్టుకోండి.

పాత మెషిన్‌ని పారెయ్యకండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా ఉంచాలి. పాత ప్రోగ్రాం, దాని విండోస్, డేటా అన్నీ కలిపి వర్చువల్ మెషిన్‌గా ఒక ఇమేజ్ (పూర్తి నకలు) తీసి, కొత్త ఎంట్రీలు పడకుండా చేసి ఉంచండి. ఒక కాపీ షాపులో, ఒకటి విజయనగరం బ్రాంచిలో, ఒకటి క్లౌడ్‌లో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షాపులోనే సర్వరూ, దాని పక్క బీరువాలోనే బ్యాకప్ డిస్కూ పెట్టుకున్న ఒక వ్యాపారి నాకు తెలుసు. పైకప్పు రేకులు ఎగిరిపోయి రెండూ ఒకే రోజు తడిసిపోయాయి. పార్టీల దగ్గరున్న బిల్లు కాపీలు తిరిగి తెచ్చుకొని, వాటిని బట్టి బాకీలు మళ్లీ రాసుకోవడానికి ఆయనకి ఐదు నెలలు పట్టింది.

కంపైల్ చేసి చూశాక పది బిల్లులు సరిపోయాయో లేదో ఇక్కడే రాయండి. సరిపోకపోతే ఎక్కడ తేడా వచ్చిందో ఆ బిల్లు అంకెలు పెట్టండి, పార్టీ పేరు తీసేసి. చూసి చెప్తాను.